షాపులో గర్జన, క్యాబిన్‌లో గానుగ: పికప్‌కి సైలెన్సర్ మార్చేముందు

సంక్రాంతికి వారం ముందు మా పికప్ బండికి కంపెనీది తీసేసి బయటి సైలెన్సర్ వేయించాను. చెన్నైలోనే ఒక షాపు, పేరు అనవసరం. ఫిట్టింగ్ అయ్యాక అక్కడి కుర్రాడు బండి న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కాడు. పొట్టలోంచి వచ్చినట్టు ఒక గంభీరమైన గర్జన. నాకు ముచ్చటేసింది, బేరం కూడా ఆడకుండా డబ్బు కట్టేశాను.

భోగికి ముందురోజు అమ్మని ఎక్కించుకుని నెల్లూరు బయల్దేరాం. రెడ్‌హిల్స్ దాటేదాకా ట్రాఫిక్‌లో ఏమీ తెలియలేదు. గుమ్మిడిపూండి తర్వాత రోడ్డు ఖాళీగా దొరికింది. 90 దగ్గర స్థిరంగా పెట్టాను, ఇంజన్ చుట్లు చూపే టాకోమీటర్ ముల్లు 2000 మీద నిలబడింది. అప్పుడు మొదలైంది. దాన్ని శబ్దం అనడానికి కూడా లేదు, చెవి రంధ్రం మీద ఎవరో బొటనవేలు పెట్టి నొక్కి వదులుతున్నట్టు ఉంది. తడ రాకముందే వెనక సీట్లోంచి అమ్మ అంది: "ఏంది అబ్బయ్యా ఇది, చెవుల్లో గానుగ ఆడిస్తా ఉంది!"

80కి తగ్గిస్తే పోయింది. 100 దగ్గరికి తెస్తే చాలామటుకు పోయింది. 90 దగ్గర మాత్రం గానుగ. ఇంకో విచిత్రం, ముందు సీట్లో నాకు ఇబ్బందిగా ఉన్నదే వెనక ఆమెకు భరించలేనట్టు ఉంది. విషయమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉందని తర్వాత మూడు నెలలు షెడ్ల చుట్టూ తిరిగాక గానీ అర్థం కాలేదు.

సైలెన్సర్ బయటికి ఎంత గట్టిగా వినిపిస్తుందనేది ఒక సంగతి. క్యాబిన్ లోపల ఎంత మోగుతుందనేది వేరే సంగతి. మనం షాపులో నిలబడి మొదటిది విని కొంటాం, హైవే మీద గంటల తరబడి రెండోది అనుభవిస్తాం. బయట నెమ్మదిగా ఉన్న సైలెన్సర్ లోపల తలనొప్పి తెప్పించొచ్చు. బయట గట్టిగా ఉన్నది లోపల పరవాలేదనిపించొచ్చు.

ఆ గానుగ ఎక్కడినుంచి వచ్చింది

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకు రెండు పేలుళ్లు. 2000 ఆర్‌పీఎం (నిమిషానికి 2000 చుట్లు) అంటే సెకనుకు 33 చుట్లు, కాబట్టి దాదాపు 67 పేలుళ్లు. ప్రతి పేలుడుకీ ఒక గ్యాసు దెబ్బ సైలెన్సర్‌లోంచి బయటపడుతుంది. అంటే ఆ వేగంలో బండి వెనక 67 హెర్ట్జ్ స్వరం ఒకటి ఆగకుండా మోగుతూనే ఉంటుంది. మనిషి చెవి 20 హెర్ట్జ్ నుంచి వినగలదు కాబట్టి ఇది బాగా కిందిస్థాయి స్వరం. చెవికంటే ఛాతీకి ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు క్యాబిన్ సంగతి. బాత్రూంలో పాడేవాళ్లందరికీ తెలుసు, ఏదో ఒక స్వరం దగ్గర గది కూడా మనతో గొంతు కలుపుతుంది. అద్దాలు బిగించిన డబుల్ క్యాబ్ (రెండు వరసల సీట్లున్న) పికప్ కూడా అలాంటి గదే. ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా సుమారు రెండున్నర మీటర్లనుకోండి. గాల్లో శబ్దవేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఆ పొడవులో సరిగ్గా సగం అల పట్టే స్వరం ఎంతో లెక్కేస్తే 69 హెర్ట్జ్ వస్తుంది. ఇంజన్ 67 కొడుతోంది, గది 69 దగ్గర గొంతు కలపడానికి సిద్ధంగా ఉంది. ఇంకేం కావాలి!

అమ్మకి ఎక్కువగా ఎందుకు వినిపించిందో కూడా ఇక్కడే తేలుతుంది. ఇలా నిలబడిపోయిన అలలో ఒత్తిడి రెండు చివర్లా ఎక్కువ, మధ్యలో తక్కువ. డ్రైవర్ తల ఇంచుమించు క్యాబిన్ మధ్యలో ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల తల వెనక అద్దానికి ఆనుకుని ఉంటుంది. అందుకే టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లొద్దు. వెనక సీట్లో ఒకరిని కూర్చోబెట్టండి, వీలైతే మొహమాటం లేని మనిషిని.

కంపెనీవాళ్లు ఈ లెక్కలన్నీ వేసుకునే బండి తయారుచేస్తారు. చెన్నైకి యాభై, అరవై కిలోమీటర్ల దూరంలోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. బెంగళూరు పక్కన బిడదిలో టయోటా హైలక్స్ బిగిస్తున్నారు. అక్కడినుంచి వచ్చిన బండికి కింద పెద్ద డబ్బా, దారిలో ఇంకో చిన్న డబ్బా, మెత్తటి రబ్బర్లు ఉంటాయి. చూడటానికి ముతకగా ఉంటాయి కాబట్టి మనకు చులకన. కానీ మనం ఎక్కువసేపు నడిపే వేగం దగ్గర క్యాబిన్ మోగకుండా ఆపుతున్నవి అవే.

డెసిబెల్ అంకెతో మోసపోవడం

షాపువాళ్లు ఫోన్ తీసి యాప్‌లో అంకె చూపిస్తారు: "చూడండి సార్, లోపల 64 మాత్రమే, స్టాక్‌కీ (కంపెనీదానికీ) దీనికీ తేడా లేదు." అబద్ధం చెప్పకపోవచ్చు. ఆ యాప్‌లు మామూలుగా చూపించేది డీబీఏ అనే కొలత. మన చెవి కింది స్వరాలను తక్కువగా వింటుందని ఆ కొలతలో వాటికి కోత పెడతారు. 63 హెర్ట్జ్ దగ్గర ఆ కోత 26 డెసిబెల్స్. అంటే నిజంగా 90 డెసిబెల్స్ ఉన్న గానుగ మోత అంకెల్లో 64గా కనబడుతుంది. మామూలు మాటల స్థాయి! కానీ చెవి మీద పడే ఒత్తిడి 90దే.

ఫోన్ వాడొద్దని కాదు. సౌండ్ మీటర్ బదులు స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ పెట్టుకోండి. అది శబ్దాన్ని స్వరాలుగా విడదీసి గీతలా చూపిస్తుంది. మోత వచ్చే వేగంలో పక్కనున్నవాళ్లు ఫోన్ పట్టుకుంటే 60, 70 మధ్య ఒక్క చోట గోపురంలా లేచి కనబడుతుంది. ఫోన్ మైకుకి ఆ స్వరాలు సరిగ్గా అందవు కాబట్టి గోపురం ఎంత ఎత్తుందో పట్టించుకోవద్దు. ఎక్కడ లేచిందో చూడండి. ఇంజన్ లెక్కతో సరిపోతే దొంగ దొరికినట్టే.

సరిపోకపోతే దొంగ వేరే. పికప్‌లకు సైలెన్సర్‌తోపాటు మడ్ టైర్లు కూడా మార్చేవాళ్లు చాలామంది. టైరు గోల వేగాన్ని బట్టి మారుతుంది, సైలెన్సర్ గోల ఆర్‌పీఎంను బట్టి మారుతుంది. అదే వేగంలో ఒక గేరు తగ్గించి చూడండి. మోత మారకపోతే టైర్లని తిట్టండి.

డబ్బా లోపల ఏముంది

బయట దొరికే సైలెన్సర్ డబ్బాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకదాంట్లో చిల్లులు పెట్టిన గొట్టం తిన్నగా ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంది, దాని చుట్టూ దూదిలాంటి గ్లాస్ వూలో స్టీల్ వూలో కూరి ఉంటుంది. స్ట్రెయిట్ త్రూ అంటారు. మాగ్నాఫ్లో లాంటి కంపెనీలకు పేరు తెచ్చింది ఇదే. రెండోదాంట్లో అరలుంటాయి. గ్యాసు ఒక అరలోంచి ఇంకో అరలోకి తిరుగుతూ, కొన్ని అలలు వెనక్కి కొట్టుకుని ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఫ్లోమాస్టర్ పేరు చెబితే గుర్తొచ్చేది ఈ అరల డబ్బా.

"స్ట్రెయిట్ త్రూ అయితే నున్నగా ఉంటుంది, అరలదైతే గోల" అని ఒక మాట చలామణిలో ఉంది. సగమే నిజం. దూది నున్నగా చేసేది పైస్వరాలను. చీల్చినట్టుండే ఆ గరగరని బాగానే మింగుతుంది. వేడి గ్యాసులో 67 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్ల దగ్గర ఉంటుంది. అంత అలని అంగుళం మందం దూది ఏం ఆపుతుంది? తుఫాను అలకి దోమతెర కట్టినట్టే. అరల డబ్బా కింది స్వరాలను ఆపగలదు, కానీ దానికి చోటు కావాలి.

అందుకే నేనిప్పుడు బ్రాండు కంటే ముందు సైజు అడుగుతున్నాను. మొదటిసారి నా బండికి వేసిన డబ్బా 5 అంగుళాల వ్యాసం, 14 అంగుళాల పొడవు. కొలిచి లెక్కేస్తే లోపలి చోటు మొత్తం నాలుగున్నర లీటర్లు, అందులో సగం దూది. తీసి పక్కన పడేసిన కంపెనీ డబ్బా పక్కన పెడితే ఇది బిందె పక్కన చెంబులా ఉంది. కింద చోటున్నంత మేరకు పెద్ద డబ్బా తీసుకోండి.

ఇక 'రెజొనేటర్' అనే మాట దగ్గర అందరం బోల్తా పడతాం. గానుగ మోత గురించి చెప్పుకుంటే షాపులో వెంటనే "రెజొనేటర్ వేస్తే పోతుంది సార్" అంటారు. వేసేది అరచేతి మందం గొట్టం, లోపల మళ్లీ దూదే. నాకూ వేశారు. గరగర తగ్గింది, గానుగ ఆగలేదు. 67 దగ్గరి మోతని చంపాలంటే ఆ స్వరానికే కొలిచి చేసింది కావాలి. అది చాలా సాదా వస్తువు: మెయిన్ పైపుకి పక్కనుంచి అతికించిన ఒక గొట్టం, రెండో చివర మూసేసి ఉంటుంది. చూడటానికి ఆంగ్ల 'జె' అక్షరంలా వంచుతారు కాబట్టి జె-పైప్ అంటారు. అల అందులోకి దూరి, మూసిన చివర తగిలి తిరిగొచ్చేసరికి మెయిన్ పైపులో వస్తున్న అలకి సరిగ్గా ఎదురు పడుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. గొట్టం పొడవు ఆ అల పొడవులో నాలుగో వంతు ఉండాలి.

కాగితం మీద లెక్క సులువు. శబ్దవేగాన్ని స్వరంతో భాగించి, మళ్లీ నాలుగుతో భాగించాలి. చిక్కల్లా శబ్దవేగం దగ్గరే, అది వేడిని బట్టి పెరుగుతుంది. మామూలు గాలి అనుకుంటే 4 అడుగుల 3 అంగుళాలు వస్తుంది, బాగా వేడి గ్యాసు అనుకుంటే 5 అడుగుల దాకా పోతుంది. మూసిన గొట్టంలో గ్యాసు కదలదు కాబట్టి మెయిన్ పైపంత వేడెక్కదు. ఎంత వేడెక్కుతుందో బండి నడిపితేగానీ తెలియదు.

మాధవరం దగ్గర లారీ సైలెన్సర్లు వెల్డింగ్ చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, గూడూరు మనిషి. ఆయన ఈ లెక్కలేవీ వేయలేదు. "పొడుగ్గా పెడదాం తమ్ముడూ. కోసుకోవచ్చు గానీ అతికించడం కష్టం" అన్నాడు. 5 అడుగులు పెట్టి, చివర వెల్డ్ చేయకుండా క్యాప్ క్లాంపుతో బిగించాడు. బైపాస్ మీదికి తీసుకుపోయి చూస్తే 1850 దగ్గర క్యాబిన్ నిశ్శబ్దం, 2000 దగ్గర ఇంకా మోత. పొడవెక్కువైతే పట్టే స్వరం కిందికి పోతుందని అర్థమైంది. వెనక్కి వచ్చి కొంచెం కోయడం, మళ్లీ పోయి చూడటం. మూడో తిరుగుడుకి మొత్తం నాలుగున్నర అంగుళాలు కోసేసరికి 2000 దగ్గర గానుగ ఆగింది. అప్పుడు చివర వెల్డ్ చేశాడు. గ్లాసులో టీ చల్లారిపోయింది, ఆయన పట్టించుకోలేదు.

దీనికి రెండు షరతులున్నాయి. ఇది పనిచేసేది ఇరుకైన పట్టీలోనే, అటూ ఇటూ ఓ రెండొందల ఆర్‌పీఎం. అలాగే దీన్ని పైపు చివర అతికిస్తే ఉపయోగం ఉండదు. తెరిచిన చివర అల ఒత్తిడి దాదాపు సున్నా, అక్కడ కొట్టడానికి ఏమీ దొరకదు. పైపు దారి మధ్యలో పెట్టాలి.

మిగతా బిగింపు

పైపు లావు గురించి ఎక్కువ చెప్పను. రెండున్నర నుంచి మూడు అంగుళాలకు పోతే లోపలి వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, దానికి తగ్గట్టు మోత కూడా. రెండు లీటర్ల లోపు టర్బో డీజిల్‌కి దానివల్ల వచ్చే ఊపు సీటులో కూర్చున్నవాడికి తెలియదు. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో గ్యాసుకి అసలు అడ్డం సైలెన్సర్ కాదు, ముందున్న డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే వడపోత డబ్బా. కంపెనీ ఇచ్చిన లావే ఉంచుకోండి.

గొట్టం ఎక్కడ బయటికి తెరుచుకుంటుందో మాత్రం చూడాలి. వెనక చక్రం ముందే పక్కకి తిప్పే కిట్లు చూడటానికి బాగుంటాయి. మన దగ్గర డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమవైపుకి పొగ వదలకూడదని మోటారు వాహనాల రూల్స్‌లోనే ఉంది. కాబట్టి పక్కకి అంటే కుడికే, అంటే నేరుగా మన కిటికీ కిందికే. వెనక బంపర్ దాటాక తెరుచుకునేలా ఉండాలి. బంపర్ లోపలే ఆగిపోతే శబ్దం కింది రేకులకు తగిలి పైకి వస్తుంది, పొగ కూడా వెనక నుంచి క్యాబిన్‌లోకి దూరుతుంది.

పైపుని వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్ల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. షెడ్డులో బండి చల్లగా ఉన్నప్పుడు పైపుకీ ఛాసిస్‌కీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వదిలి "చాలు" అంటారు. మూడు మీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 250 డిగ్రీలు వేడెక్కితే 12, 13 మిల్లీమీటర్ల దాకా సాగొచ్చు. చల్లగా ఉన్నప్పుడు తగలనిది హైవే మీద ఛాసిస్‌ని తాకి, శబ్దం గాల్లోంచి కాకుండా ఇనుములోంచి నేరుగా క్యాబిన్‌లోకి ఎక్కుతుంది. అరగంట నడిపాక మొదలయ్యే జరజర ఇదే. బండి వేడిగా ఉన్నప్పుడు దిగి టార్చితో చూడండి, రాసుకున్నచోట తళతళా మెరుస్తూ కనబడుతుంది.

లోహం సంగతి చెన్నైలో వదిలేయడానికి లేదు, ఉప్పుగాలి. 409 స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, 304లో 18 శాతం, పైగా 8 శాతం నికెల్. 304 తుప్పు బాగా తట్టుకుంటుంది, ధరా ఎక్కువే. 304 అని చెప్పి అమ్ముతుంటే జేబులో అయస్కాంతం పెట్టుకుపోండి. 409కి గట్టిగా అతుక్కుంటుంది, 304కి దాదాపు అతుక్కోదు.

క్యాబిన్ ఫ్లోర్‌కి డ్యాంపింగ్ షీట్లు అతికిస్తే పోతుందని చెప్పేవాళ్లూ ఉన్నారు. రేకుల కంపనం తగ్గుతుంది, గరగర తగ్గుతుంది. 67 హెర్ట్జ్ మోతకి మాత్రం ఆ డబ్బు దండగ.

ఇక చట్టం. బీఎస్6 బండికి డీపీఎఫ్, దాని తర్వాత ఉండే సెన్సర్లు ముట్టుకోకూడదు. "డీపీఎఫ్ తీసేసి పైపు పెడితే సూపర్ సౌండ్ వస్తుంది" అన్నవాడి షాపులోంచి వెంటనే బయటికి వచ్చేయండి. అది పొగతోపాటు శబ్దాన్ని కూడా మింగుతుంది. తీస్తే చట్టం తప్పినట్టు, మోత పెంచుకున్నట్టు. మార్చితే దాని వెనక భాగమే మార్చాలి. అదీ జాగ్రత్తగానే. కంపెనీ ఇచ్చిన తీరుకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద చెప్పింది. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190(2) కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా, లైసెన్సు మూడు నెలలు పోవడం వరకు ఉంది. పాత కంపెనీ సైలెన్సర్ అమ్మేయకుండా ఇంట్లో పెట్టుకోవడం అందుకే మంచిది. నాది బాల్కనీలో చుట్టేసి ఉంది, ఇంట్లో రోజూ దెప్పుతుంటారు.

లారీవాళ్లకు ఇదే లెక్క కొంచెం మారుతుంది. ఆరు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు మూడు పేలుళ్లు, 1400 ఆర్‌పీఎం దగ్గరే 70 హెర్ట్జ్ వచ్చేస్తుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అద్దాలు దించుకుని నడిపినంతకాలం గాలి హోరులో కలిసిపోయిన మోత, అద్దాలు బిగించాక తేటగా వినబడుతుంది. మాధవరం పెద్దాయన దగ్గరికి నేను వెళ్లినరోజే ఒక లారీ ఓనరు వచ్చాడు, కొత్త సైలెన్సర్ కావాలని, క్యాబిన్‌లో మోత ఆగడం లేదని. పెద్దాయన ఇంజన్ స్టార్ట్ చేయించి, తడి గుడ్డతో గొట్టం చివర ఒక్క క్షణం అడ్డం పెట్టించి, తను క్యాబిన్ కింద వంగి విన్నాడు. టర్బో దాటిన తర్వాత ముడతల ఫ్లెక్సిబుల్ పైపు దగ్గర బుస్సుమని గాలి. వేలెడంత చీలిక, చుట్టూ నల్లగా మసి. అక్కడినుంచి మోతతోపాటు పొగ కూడా క్యాబిన్‌లోకి పోతోంది. సైలెన్సర్ కొనలేదు. ఆ ముక్క మార్చి, కొత్త గాస్కెట్ వేసి పంపేశాడు.